ఇంటి పద్దుల ఎక్సెల్ షీటు: వరుసలు గ్రూపు చేయడం, దాచడం, పంపే ముందు చూసుకోవడం

జర్మనీలో ఒక కుటుంబానికి ఏడాదికి ఎన్ని బ్యాంకు లావాదేవీలు ఉంటాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? అద్దె, కరెంటు, కీటా ఫీజు, ఇన్సూరెన్సులు, బస్ పాస్, సూపర్ మార్కెట్, ఇండియన్ షాపు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బు. రోజుకు రెండు చొప్పున వేసుకున్నా ఏడాదికి 730 వరుసలు. బ్యాంకు సైటు నుంచి డౌన్‌లోడ్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే కిందికి జరుపుతూనే ఉండాలి. ఎక్సెల్ ఒక షీటులో 10,48,576 వరుసలు పట్టించుకుంటుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మన కళ్లకే.

అందుకే చాలామంది, ఇప్పుడు అక్కర్లేదనిపించిన వరుసల మీద మౌస్‌తో కుడి క్లిక్ చేసి దాచేస్తారు. షీటు చిన్నగా, శుభ్రంగా కనిపిస్తుంది. కానీ దాచడం వేరు, గ్రూపు చేసి మూయడం వేరు, తీసేయడం వేరు. తెర మీద మూడూ ఒకేలా ఉంటాయి. తేడా రెండు చోట్ల బయటపడుతుంది: టాక్స్ ఫారంలో వేసే అంకె దగ్గర, ఫైలు ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు. మా ఇంటి పద్దులు నేనే రాస్తాను. ఆ పనిలో ఉపయోగపడిన పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. మన ఇళ్లలో చాలామంది ఆఫీసు లాప్‌టాప్‌లలో ఎక్సెల్ జర్మన్ భాషలోనే ఉంటుంది కాబట్టి జర్మన్ పేర్లు, ఇంగ్లిష్ పేర్లు రెండూ ఇస్తున్నాను.

చిట్టా, ఆవర్జా

మన పాత లెక్కల్లో రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు ఖర్చు ఆ రోజు, తేదీ వరుసలో రాసేది చిట్టా. దాన్నే మళ్లీ పద్దుల వారీగా ఎత్తి రాసేది ఆవర్జా. బియ్యానికి ఎంత, చదువులకు ఎంత అన్నది ఆవర్జా చూస్తే తెలుస్తుంది. ఆ ఖర్చు ఏ రోజు, ఎవరికి ఇచ్చారో చిట్టా చూస్తే తెలుస్తుంది.

ఎక్సెల్‌లో కూడా ఇదే పద్ధతి పాటించండి. బ్యాంకు నుంచి వచ్చిన లావాదేవీలను ఒక షీటులో పెట్టి, దానికి చిట్టా అని పేరు పెట్టండి. అందులో ఏదీ దాచవద్దు, తీసేయవద్దు. ఆ షీటుకు ఒక కాపీ తీసుకుని పద్దులు అని పేరు పెట్టండి. సర్దడం, గ్రూపు చేయడం, మూయడం అన్నీ ఈ కాపీలోనే. రేపు ఏ అంకె మీద అనుమానం వచ్చినా వెనక్కి వెళ్లి చూసుకోవడానికి చిట్టా చెక్కుచెదరకుండా ఉంటుంది.

కాలమ్‌లు ఏడు చాలు: తేదీ, ఎవరికి, వివరం, పద్దు, యూరోలు, రూపాయలు, రసీదు నంబరు. రూపాయలకు విడిగా కాలమ్ ఉండాలి. లేకపోతే యూరోలూ రూపాయలూ కలిసి ఒకే మొత్తంలో పడతాయి. మధ్యలో ఖాళీ వరుసలు వదలకండి. ఖాళీ వరుస కనబడితే లెక్క అక్కడితో అయిపోయిందని ఎక్సెల్ అనుకుంటుంది.

చేత్తో గ్రూపు చేయడం

ఎడమ పక్కన ఉండే వరుస నంబర్ల మీదే మౌస్ లాగి, కలిపి మూయాల్సిన వరుసలను ఎంచుకోండి. తర్వాత పైన డాటెన్ ట్యాబ్‌లో, గ్లీడెరుంగ్ అనే భాగంలో గ్రుప్పీరెన్ నొక్కండి. ఇంగ్లిష్ ఎక్సెల్‌లో ఇవే డేటా, ఔట్‌లైన్, గ్రూప్. విండోస్‌లో షార్ట్‌కట్ కావాలంటే షిఫ్ట్, ఆల్ట్ రెండూ పట్టుకుని కుడి బాణం. గ్రూపు విడదీయాలంటే అవే కీలతో ఎడమ బాణం, లేదా మెనూలో గ్రుప్పీరుంగ్ ఔఫ్‌హేబెన్.

గ్రూపు చేయగానే ఎడమ అంచున ఒక గీత, దాని చివర మైనస్ గుర్తు వస్తాయి. మైనస్ నొక్కితే వరుసలు మూసుకుని ప్లస్ కనిపిస్తుంది. ప్లస్ నొక్కితే మళ్లీ తెరుచుకుంటాయి. పై మూలలో 1, 2, 3 అని చిన్న బొత్తాలు వస్తాయి. 1 నొక్కితే మొత్తాలు మాత్రమే, చివరి నంబరు నొక్కితే అన్ని వరుసలూ కనిపిస్తాయి. గ్రూపులో గ్రూపు, అందులో ఇంకో గ్రూపు అలా ఎనిమిది మెట్ల దాకా పెట్టుకోవచ్చు. ఇంటి లెక్కకు రెండు మూడు మెట్లు దాటితే గందరగోళమే.

మొదటిసారి చేసేవాళ్లకు రెండు చిక్కులు వస్తాయి. ఒకటి: జనవరి వరుసల కిందే ఆనుకుని ఫిబ్రవరి వరుసలు ఉంటే, రెండిటినీ విడివిడిగా గ్రూపు చేసినా ఎక్సెల్ కలిపి ఒకే గ్రూపుగా చూస్తుంది. రెండిటి మధ్య ఒక వరుస ఉండాలి. అక్కడ జనవరి మొత్తం వేస్తే సరిపోతుంది. రెండు: ప్లస్, మైనస్ గుర్తులు గ్రూపు కింద ఉన్న వరుస పక్కన వస్తాయి. మొత్తం కింద ఉంటుందని ఎక్సెల్ అనుకోవడమే దీనికి కారణం. మీకు మొత్తం పైన వేసే అలవాటుంటే గ్లీడెరుంగ్ భాగం మూలలో ఉన్న చిన్న బాణం నొక్కండి. తెరుచుకున్న పెట్టెలో, మొత్తం వరుసలు వివరాల కింద ఉంటాయని చెప్పే టిక్కు తీసేయండి.

ఎక్సెల్ చేతే గ్రూపు చేయించడం

700 వరుసలను చేత్తో గ్రూపు చేయాల్సిన అవసరం లేదు. ముందు పద్దు కాలమ్ ప్రకారం సార్ట్ చేయండి. అద్దె వరుసలన్నీ ఒక చోటికి, కీటా వరుసలన్నీ ఒక చోటికి వస్తాయి. ఇప్పుడు ఆ పట్టికలో ఎక్కడైనా ఒక సెల్ మీద క్లిక్ చేసి, డాటెన్, గ్లీడెరుంగ్‌లో టైల్‌ఎర్గేబ్నిస్ నొక్కండి. ఇంగ్లిష్‌లో సబ్‌టోటల్. అది మూడు ప్రశ్నలు అడుగుతుంది. దేని ప్రకారం గ్రూపు చేయాలి: పద్దు. ఏ లెక్క: మొత్తం, అంటే జుమ్మె. ఏ కాలమ్‌కు: యూరోలు.

ఓకే నొక్కగానే ప్రతి పద్దు కిందా మొత్తం వరుస, ఎడమ పక్కన మూడు మెట్లు తయారవుతాయి. 2 నొక్కితే ఏడాది ఆవర్జా తెర మీద ఉంటుంది. ఏ పద్దు పక్కన ప్లస్ నొక్కితే ఆ పద్దు చిట్టా తెరుచుకుంటుంది.

సార్ట్ చేయకుండా ఇది నొక్కితే ఒకే పద్దుకు పది చోట్ల పది మొత్తాలు వస్తాయి. మీ పట్టికను ఎక్సెల్ టేబుల్‌గా మార్చి ఉంటే ఈ బొత్తం పనిచేయదు, ముందు మామూలు వరుసలుగా మార్చుకోవాలి. కొత్త నెల లావాదేవీలు చేర్చే ముందు అదే పెట్టెలో అన్నీ తీసేయమనే బొత్తం, అల్లె ఎంట్‌ఫెర్నెన్, నొక్కండి. ఇది మొత్తం వరుసలనూ గ్రూపులనూ మాత్రమే తీస్తుంది, మీ లెక్కలను తాకదు. కొత్తవి చేర్చి, సార్ట్ చేసి, మళ్లీ టైల్‌ఎర్గేబ్నిస్ నొక్కితే సరి.

రెండు దేశాలు, రెండు సంవత్సరాలు

గ్రూపు చేయడం మనలాంటి కుటుంబాలకు మరీ అక్కరకొచ్చే చోటు ఇంకొకటి ఉంది. జర్మనీలో టాక్స్ సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు. భారత్‌లో ఏప్రిల్ నుంచి మార్చి. జర్మనీలో నివాసం ఉండి ఇక్కడ టాక్స్ కట్టేవాళ్లు భారత్‌లో డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీని కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. మన బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ మాత్రం సాధారణంగా ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉంటుంది. ఆ అంకెను అలాగే ఎత్తి ఇక్కడి ఫారంలో వేస్తే రెండు సంవత్సరాలు కలగలిసిపోతాయి.

దీనికి వడ్డీలకు వేరే షీటు పెట్టి, నెలల వారీగా కాకుండా మూడు నెలలకో గ్రూపు చేయండి: జనవరి–మార్చి, ఏప్రిల్–జూన్, జూలై–సెప్టెంబరు, అక్టోబరు–డిసెంబరు. ప్రతి గ్రూపు కింద దాని మొత్తం. గ్రూపులన్నీ మూసేస్తే మూడు నెలల మొత్తాలే కనిపిస్తాయి. 2025 జర్మన్ లెక్కకు 2025లోని నాలుగు గ్రూపులూ కలపాలి. భారత్‌లో 2025–26 లెక్కకు 2025లోని చివరి మూడు గ్రూపులు, 2026లోని మొదటి గ్రూపు కలపాలి. ఒకే షీటులో రెండు దేశాల లెక్కలూ తేలుతాయి.

మొత్తం ఎక్కడ మారిపోతుంది

వరుసలు మూస్తే మొత్తం మారుతుందా అని చాలామంది అడుగుతారు. మీరు ఏ సూత్రం వాడారన్న దాన్ని బట్టి ఉంటుంది.

మామూలు జుమ్మె, అంటే సమ్, కనిపించే వరుసలనూ కనిపించని వాటినీ అన్నిటినీ కలుపుతుంది. టైల్‌ఎర్గేబ్నిస్ సూత్రంలో బ్రాకెట్ తెరవగానే ఒక నంబరు వేయాలి. ఆ తర్వాత జర్మన్ ఎక్సెల్‌లో సెమీకోలన్, ఆ తర్వాత కలపాల్సిన సెల్‌లు. ఆ నంబరు 9 అయితే మీరు దాచిన వరుసలనూ, మూసిన గ్రూపులనూ కలుపుతుంది. 109 అయితే వాటిని వదిలేస్తుంది. ఫిల్టర్ పెట్టి తప్పించిన వరుసలను మాత్రం 9, 109 రెండూ వదిలేస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. జర్మనీలో ఇంటి మరమ్మతులకు ఇచ్చిన పనికూలిలో 20 శాతం టాక్స్ నుంచి తగ్గుతుంది, ఏడాదికి గరిష్ఠంగా 1,200 యూరోలు. సామాను ఖరీదు ఇందులోకి రాదు. బిల్లు ఉండాలి, డబ్బు బ్యాంకు ద్వారా కట్టి ఉండాలి, నగదు చెల్లదు. పొగగొట్టం శుభ్రం చేసినందుకు 90, హీటింగ్ సర్వీసుకు 180, గోడలకు రంగు వేసినందుకు కూలి 630 యూరోలు అనుకుందాం. మొత్తం 900, అందులో 20 శాతం 180 యూరోలు. రంగుల పని వరుసలు మూసి ఉండి, మీ సూత్రంలో 109 ఉంటే తెర మీద మొత్తం 270 అని కనిపిస్తుంది. 20 శాతం 54 యూరోలే. 126 యూరోలు చేజారినట్టే. ఎర్ర గుర్తు రాదు, హెచ్చరిక రాదు. ఎల్‌స్టర్‌లో మీరు 270 వేస్తే అది 270 గానే తీసుకుంటుంది.

అందుకే టాక్స్‌కు సంబంధించిన మొత్తాలన్నిటికీ 9 వాడండి. ఎక్సెల్ తానుగా వేసే టైల్‌ఎర్గేబ్నిస్ వరుసల్లో కూడా 9 ఉంటుంది. కనిపిస్తున్నంత వరకే మొత్తం కావాలనుకున్నప్పుడు, ఉదాహరణకు నలుగురు కలిసి వెళ్లిన ప్రయాణం ఖర్చు పంచుకునేటప్పుడు, 109 పనికొస్తుంది. ఫారంలో అంకె వేసే ముందు ఫిల్టర్లు తీసేసి, గ్రూపులన్నీ తెరిచి, మొత్తం మారిందేమో చూడండి. మారితే ఎక్కడో 109 ఉందనో, ఫిల్టర్ మిగిలిందనో అర్థం.

టైల్‌ఎర్గేబ్నిస్‌కు ఇంకో గుణం ఉంది. తాను కలుపుతున్న సెల్‌లలో మరో టైల్‌ఎర్గేబ్నిస్ ఉంటే దాన్ని వదిలేస్తుంది. కాబట్టి మొత్తం కాలమ్‌కు ఏడాది లెక్క వేసినా పద్దుల మొత్తాలు రెండోసారి కలవవు. జుమ్మె వేస్తే కలుస్తాయి, ఏడాది ఖర్చు రెట్టింపు కనిపిస్తుంది. అయితే పైన చెప్పిన వడ్డీ షీటులో నాలుగు గ్రూపుల మొత్తాలను కలిపేటప్పుడు ఇదే గుణం అడ్డం వస్తుంది. టైల్‌ఎర్గేబ్నిస్ వాటిని వదిలేసి సున్నా చూపిస్తుంది. అక్కడ ఆ నాలుగు సెల్‌లను మామూలుగా ప్లస్‌లతో కలపండి.

దాచడం ఎందుకు నాకు ఇష్టం లేదు

దాచడానికి వరుస నంబరు మీద కుడి క్లిక్ చేసి ఔస్‌బ్లెండెన్ నొక్కాలి, ఇంగ్లిష్‌లో హైడ్. షార్ట్‌కట్ కంట్రోల్, 9. జర్మన్ కీబోర్డు మీద కంట్రోల్ కీకి ఎస్‌టిఆర్‌జి అని రాసి ఉంటుంది. మళ్లీ చూపించాలంటే పై వరుసనూ కింది వరుసనూ కలిపి ఎంచుకుని ఐన్‌బ్లెండెన్, అంటే అన్‌హైడ్.

గ్రూపు చేసి మూసినప్పుడు ప్లస్ గుర్తు కనిపిస్తుంది. ఇక్కడ ఏదో ఉందని చూసేవాళ్లకు తెలుస్తుంది. దాచినప్పుడు ఆ ఆనవాలు దాదాపు ఉండదు. వరుస నంబర్లు 11 తర్వాత 18కి గెంతుతాయి, వాటి మధ్య సన్నని జంట గీత ఉంటుంది. 700 వరుసల్లో అది ఎవరి కంట పడుతుంది? ఆరు నెలల తర్వాత మనకే గుర్తుండదు. ఫిల్టర్ పెట్టినప్పుడైతే వరుస నంబర్లు నీలం రంగులోకి మారతాయి, అదైనా ఒక గుర్తు.

దాచినా, గ్రూపు మూసినా ఈ మూడు పనుల దగ్గర జాగ్రత్త. కనిపించే వరుసలను ఎంచుకుని కాపీ చేస్తే మధ్యలో దాగి ఉన్నవి కూడా కాపీ అవుతాయి. అలాగే తొలగిస్తే దాగి ఉన్నవి కూడా పోతాయి. సార్ట్ చేస్తే దాగిన వరుసలు కదలకుండా ఉన్నచోటే ఉండిపోతాయి. కనిపించేవే కాపీ కావాలంటే ష్టార్ట్ ట్యాబ్ చివర, వెతికి ఎంచుకునే బొత్తంలో ఇన్‌హాల్టె ఔస్‌వేలెన్ తెరిచి, నూర్ జిష్ట్‌బారె త్సెల్లెన్, అంటే కనిపించే సెల్‌లు మాత్రమే అన్నది ఎంచుకుని, అప్పుడు కాపీ చేయండి. సార్ట్‌కు ముందు మాత్రం అన్నీ తెరవడమే మార్గం.

ఫైలు గడప దాటే ముందు

ఇంట్లో ఉన్నంత వరకు దాచిన వరుసల వల్ల నష్టం కొన్ని యూరోలే. ఫైలు బయటికి వెళ్తే సంగతి వేరు. దాచిన వరుస ఫైలులోనే ఉంటుంది, తెరిచినవాళ్లు రెండు క్లిక్‌లలో చూడగలరు. పెద్ద పెద్ద సంస్థలకే ఇది జరిగింది.

2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు దాని వ్యాపారంలో కొంత భాగాన్ని బార్‌క్లేస్ కొనుక్కుంది. ఏ ఒప్పందాలు తీసుకుంటున్నారో చెప్పే ఎక్సెల్ జాబితాలో, అక్కర్లేని 179 ఒప్పందాలను తీసేయకుండా దాచి ఉంచారు. కోర్టుకు ఇవ్వడం కోసం రాత్రికి రాత్రి ఆ ఫైలును సర్ది పిడిఎఫ్‌గా మార్చేటప్పుడు దాచిన వరుసలు మళ్లీ బయటికొచ్చాయి. ఆ 179 కూడా కొన్నట్టుగా జాబితా కోర్టుకు చేరింది. తర్వాత వాటిని తప్పించమని కోర్టును అడగాల్సి వచ్చింది.

2023 ఆగస్టు 8న ఉత్తర ఐర్లాండ్ పోలీసు శాఖ ఒక సమాచార దరఖాస్తుకు జవాబుగా ఎక్సెల్ ఫైలు ఇచ్చింది. అది ఇంటర్నెట్‌లోకి కూడా వెళ్లింది. అందులో దాగి ఉన్న ఒక షీటులో 9,483 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేర్లు, హోదాలు, పనిచేసే విభాగాలు ఉన్నాయి. పోలీసులమని ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకోలేని ప్రాంతం అది. 2024లో ఆ శాఖకు 7,50,000 పౌండ్ల జరిమానా పడింది.

మన స్థాయిలో ఇదే పని ఎక్కడ జరగొచ్చు? ఉగాదికో బతుకమ్మకో పేర్లు నమోదు చేసుకున్న జాబితా చూడండి. వంటవాళ్లకు కావాల్సింది ఎంతమంది పెద్దలు, ఎంతమంది పిల్లలు అన్నదే. ఫోన్ నంబర్లు, అడ్రసులు, ఎవరు ఎంత కట్టారన్నది దాచి, ఫైలు మాత్రం వాట్సాప్‌లో అందరికీ పంపితే అవన్నీ అందరికీ ఇచ్చినట్టే. పూర్తిగా ఇంటి అవసరానికి రాసుకునే లెక్కలకు యూరప్ డేటా రక్షణ చట్టం వర్తించదు. రిజిస్టరైన ఫెరైన్‌కు, అంటే సంఘానికి, వర్తిస్తుంది. టాక్స్ సలహాదారుకు పంపే ఫైలులోనూ మీ ఏడాది జీవితమంతా ఉంటుంది: ఏ డాక్టరు దగ్గరికి వెళ్లారు, ఊళ్లో ఎవరికి ఎంత పంపారు. ఆయన అడిగిన పద్దులు మాత్రమే వెళ్లాలి.

పంపే ముందు ఇలా చేయండి. కావాల్సిన సెల్‌లను, కనిపించేవి మాత్రమే అన్న పద్ధతిలో కాపీ చేసి, కొత్త ఖాళీ ఫైలులో అంకెలుగా అతికించండి. పాత ఫైలును కోయడం కన్నా ఇది సురక్షితం. తర్వాత ఆ కొత్త ఫైలులో డాటై, ఇన్‌ఫోర్మాట్సియోనెన్‌లోకి వెళ్లి, సమస్యలున్నాయేమో వెతికే బొత్తం కింద డోకుమెంట్ ప్ర్యూఫెన్ నొక్కండి. దాచిన వరుసలు, కాలమ్‌లు, షీట్లు ఉంటే అది చెబుతుంది, కావాలంటే తీసేస్తుంది. దీన్ని అసలు ఫైలు మీద వాడకండి, తీసేసినవి తిరిగి రాకపోవచ్చు. చదవడానికే అయితే పిడిఎఫ్ పంపండి, కానీ పంపే ముందు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూడండి. బార్‌క్లేస్ జాబితా కూడా పిడిఎఫ్‌గానే వెళ్లింది. షీటుకు పెట్టే పాస్‌వర్డు మార్పులను ఆపడానికే, రహస్యాన్ని కాపాడదు. రహస్యం కావాలంటే ఫైలు తెరవడానికే పాస్‌వర్డు పెట్టాలి.

ఎక్సెల్ లేనివాళ్లకు

లిబ్రె ఆఫీస్ ఉచితం. దాన్ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ బెర్లిన్‌లోనే ఉంది. అందులోని కాల్క్‌లో వరుసలు ఎంచుకుని ఎఫ్12 నొక్కితే గ్రూపు, కంట్రోల్‌తో ఎఫ్12 నొక్కితే విడదీయడం. 9, 109 తేడా అక్కడా ఇంతే. గూగుల్ షీట్స్‌లో వరుసలు ఎంచుకుని కుడి క్లిక్ చేస్తే, మరిన్ని వరుస పనుల కింద గ్రూపు చేసే బొత్తం ఉంటుంది. లింకు పంపేటప్పుడు గుర్తుంచుకోండి: చూసేవాళ్లు ఫైలును కాపీ చేసుకోగలిగితే దాచిన వరుసలు కూడా ఆ కాపీలోకి వెళ్తాయి.

రిటర్ను తప్పనిసరిగా వేయాల్సినవాళ్లకు 2025 లెక్క గడువు 2026 జూలై 31. తప్పనిసరి కాకుండా రీఫండ్ కోసం వేసేవాళ్లకు నాలుగేళ్ల సమయం ఉంటుంది. రసీదులు రిటర్నుతో పంపాల్సిన పని సాధారణంగా ఉండదు కానీ ఫినాన్స్‌ఆంట్ అడిగితే చూపించాలి. రసీదు నంబరు కాలమ్ అందుకే. ఈ వారాంతంలో ఒక గంట కూర్చుని చిట్టా షీటు, పద్దుల షీటు వేరు చేయండి, పద్దులకు గ్రూపులు కట్టండి, పాత ఫైలులో ఎక్కడైనా వరుస నంబర్లు గెంతుతున్నాయేమో చూసి తెరవండి. ఉత్తరం వచ్చిన రోజున ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క ప్లస్ గుర్తు నొక్కి చూపించగలుగుతారు.